వెనక గది

వెనక గదిలో పిన్ని జిగురు పీపా పక్కన బోర్లా పడి ఉంది. లేవదీయబోతే సూపర్‌వైజర్ అడ్డొచ్చాడు.

"ముందు ఆ లాటు బూట్లు పూర్తి చెయ్యండి. కాస్త కళ్ళు తిరిగాయంతే, తనే లేస్తుంది."

లాటు అయ్యేసరికి గంట పట్టింది. పిన్ని లేవలేదు.

ఆమెను ఆ గదిలోకి పంపింది సూపర్‌వైజరే అని చెప్పుకుంటే నా ప్రాణానికి హాయిగానే ఉంటుంది. కానీ పంపమని అడిగింది మేము. అందరికంటే ముందు నోరు విప్పింది నేను.

మాది బూట్లకు సోల్ అంటించే కార్ఖానా. ఇరవై మందిమి ఆడవాళ్ళం, వరసగా పీటల మీద కూర్చుని బ్రష్షుతో జిగురు పూస్తాం. దుమ్ము పడితే జిగురు పట్టదని కిటికీలన్నిటికీ మేకులు కొట్టేశారు. వేసవి మొదట్లో పొట్టి వదిన కళ్ళు తిరిగి పడింది. ఆ వారంలోనే ఇంకో ఇద్దరు. నాకు చంటిపిల్ల. పాలివ్వబోతే మొహం తిప్పేసుకుని ఏడ్చేది. నా ఒళ్ళంతా జిగురు కంపు అని నాకు తట్టలేదు. మేమంతా పిన్ని అని పిలిచే పక్క పీట ఆవిడ దిష్టి అనుకున్నాను. ఆమె బిడ్డలిద్దరూ పురిట్లోనే పోయారు. రోజూ "పాప ఏం చేస్తోందే?" అని అడిగేది. ఆ మాట విన్న రోజల్లా ఇంటికెళ్ళి పాపకు దిష్టి తీసేదాన్ని.

"ఆవిణ్ణి నా పక్కనుంచి తీసెయ్యండి సార్" అన్నాను. మిగతావాళ్ళు వంత పాడారు.

సూపర్‌వైజర్ క్షణం కూడా ఆలోచించలేదు. వెనక గదిలో పీపాల్లోంచి డబ్బాల్లోకి జిగురు వంచే పనికి ఎవరూ ఒప్పుకోరు మరి. పిన్ని తన పీట చంకన పెట్టుకుని వెళ్ళింది. నా వైపు చూడలేదు. చూస్తే మళ్ళీ దిష్టి అంటాననుకుందేమో.

పిన్ని చనిపోయిన మూడో రోజు యజమాని స్వయంగా వచ్చాడు.

"ఏదో దోషం తగిలిందమ్మా. గదికి శుద్ధి చేయిస్తాను. రేపట్నుంచి అక్కడికి ఎవరు వెళ్తారు?"

అందరూ తలలు దించుకున్నారు. పిన్ని పీట వాళ్ళ చెల్లెలికి ఇద్దామని నేను లోపలికి వెళ్ళాను. పీట వెనకే పీపా మీద అంటించిన కాగితం ఉంది. ఎనిమిదో తరగతితో చదువాగినా అక్షరాలు కూడబలుక్కోగలను. మూడేళ్ళుగా ఆ పీపాల ముందు నుంచే నడుస్తున్నాను, ఒక్కసారీ చదవలేదు. ఇవతలికొచ్చి గట్టిగా చెప్పాను.

"గాలి ఆడే చోటే మూత తియ్యాలట. మూసిన గదిలో పీలిస్తే ప్రాణం పోతుందట. అక్కడ రాసుంది."

యజమాని నా మీద జాలి పడినట్టు నవ్వాడు. "పాపం, ఆవిడ గాలి ఈ పిల్లకి సోకింది. అమ్మలూ, దీని పక్కన కూర్చోకండి."

ఇద్దరు నిజంగానే పీటలు అవతలికి లాక్కున్నారు. వాళ్ళను ఏమనగలను? ఆ పని వాళ్ళకు నేర్పింది నేనే.

అప్పుడు పొట్టి వదిన లేచింది. "సార్, మొదట పడింది నేను. ఆ రోజు పిన్ని పనికే రాలేదు. చెల్లెలింటికి వెళ్ళింది."

"అప్పుడే చెప్పి చావొచ్చుగా వదినా" అన్నాను.

"చెప్తే నన్నే ఆ గదికి పంపుతారనుకున్నానే."

ఒక మూల నుంచి ఏడుపు మొదలైంది. మా అందరిలోకీ పెద్దావిడ కళ్ళు తుడుచుకుని, బూటు మేకులు పీకే పటకారు తీసుకుని కిటికీ దగ్గరికి నడిచింది. ఆవిడ వెనక మేమంతా.

"పోలీసుల్ని పిలుస్తా" అన్నాడు యజమాని.

"పిలవండి సార్, వాళ్ళకీ కాస్త గాలి తగుల్తుంది" అంది పొట్టి వదిన.

కిటికీలు తెరుచుకున్నాయి. వెనక గదికి కిటికీయే లేదు. పెద్దావిడ సుత్తి అందుకుని గోడను కొట్టింది. మూడు ఇటుకలు ఊడేసరికి పోలీసులు వచ్చారు. కాగితం చదివినందుకు నన్నూ, మాట చెప్పినందుకు వదిననూ వ్యాన్ ఎక్కించారు. పిల్లకు పాలిచ్చే వేళ. పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయింది. వదిన తన కొంగు తీసి నాకు కప్పింది.

వ్యాన్ కదిలింది. లోపల ఇంకెవరో సుత్తి అందుకున్నారు. వీధి మలుపు తిరిగేదాకా ఆ దెబ్బలు వినిపించాయి.