గ్లాసు చప్పుడు ఎవరిది?

నేను ఒక శబ్దాన్ని. రెండు దెబ్బలు, ఆ తర్వాత కాసేపు సాగే మోత, అంతే నా బతుకు. ఎవరైనా నన్ను విని "అబ్బ, ఎంత బాగుందో!" అన్నారంటే నాకు గుండె ఝల్లుమంటుంది. మెచ్చుకునేవాళ్ల చెయ్యి ఎక్కడుందో ముందు చూసుకోవాలని అనుభవం మీద తెలుసుకున్నాను.

నేను పుట్టింది కరీంనగర్‌లో, స్రవంతి వంటింట్లో. కంప్యూటర్ తెర మీది తెలుగును పైకి చదివి వినిపించే ప్రోగ్రామును ఆమె, ఊరూరా ఉన్న మరికొందరు కలిసి జీతం భత్యం లేకుండా తయారు చేశారు. దాని పేరు పలకరింపు. చూపులేనివాళ్లు దాంతోనే ఉత్తరాలు రాసుకుంటారు, పేపరు వింటారు, బ్యాంకు పని చూసుకుంటారు. అది తెరుచుకోగానే ఒక గుర్తు వినిపించాలని స్రవంతి స్టీలు గ్లాసును చెంచాతో రెండుసార్లు కొట్టి ఫోనులో రికార్డు చేసింది. నా వెనకాల పడిన కుక్కర్ కూతను తర్వాత కత్తిరించేశారు. ఆ కుక్కర్ అదృష్టమే అదృష్టం!

నన్ను మొదట విన్నది అంధుల పాఠశాలలో లెక్కల మాస్టారు ఓదెలు. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. మళ్లీ ఒకసారి వినిపించమని అడిగి, నవ్వి, "మంచిగున్నది బిడ్డా. గింత మంచిగుంటే ఎవడో ఒకడు ఎత్కపోతడు" అన్నాడు. అనుమానం నాకు అలా ఉగ్గుపాలతోనే అబ్బింది.

పలకరింపును ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు. కానీ మార్చినవాళ్లు ఆ పేరునూ నన్నూ వదిలేసి, తమ పేరూ తమ చప్పుడూ పెట్టుకోవాలి. ఎందుకంటే ఓదెలు తన పిల్లలకు మొదటే చెప్పేవాడు: "గిలాస సప్పుడు ఇనవడ్డంకనే ఏదన్న కొట్టుండ్రి. లేకుంటే చేతులు ఒళ్లె వెట్టుకోని కూసోండ్రి." లోపల ఏముందో తెలియని కంప్యూటర్ ముందు వాళ్లకు నేనే పూచీ.

ఇక నా యజమానుల సంగతి. నెలల కష్టాన్ని ఊరికే పంచిపెట్టే ఈ దానకర్ణులు, నా రెండో దెబ్బ కొంచెం గట్టిగా పడిందా లేదా అన్నదాని మీద ఒకళ్ల జుట్టు ఒకళ్లు పట్టుకున్నంత పని చేశారు. నేను ఎవరిదాన్నన్న ప్రశ్న మాత్రం ఒక్కరికీ తట్టలేదు. అడిగితే "అందరిదీ" అనేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. అందరిదీ అన్నదానికి కాపలా కాసేదెవరు?

అప్పుడు వచ్చాడు శ్రీకర్, ఒక కంపెనీ తరఫున. హాస్యమేమీ లేకపోయినా ప్రతి మాట చివరా చిన్న నవ్వు. నాకా నవ్వు అస్సలు నచ్చలేదు. "మనమంతా ఒక కుటుంబం. ఈ పేరునీ ఈ సౌండ్‌నీ ఎవరూ కొట్టేయకుండా ట్రేడ్‌మార్క్ చేయిద్దాం. ఆ తలనొప్పంతా మాది" అన్నాడు. ఎవరి పేరు మీదో అడగండర్రా అని లోలోపల మొత్తుకున్నాను. నాకున్నవి రెండు దెబ్బలే, మాటలు లేవు.

ఈ బృందంలో ఒక ఆనవాయితీ ఉంది. ఏ ప్రతిపాదననైనా, ఓదెలులాంటి వాడుకునేవాళ్లు కూడా ఉన్న గ్రూపులో పెడతారు. వారంలోపు ఎవరూ కాదనకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. శ్రీకర్ తన ప్రతిపాదనను రంగురంగుల పోస్టరుగా చేయించి పెట్టాడు. పలకరింపుకు బొమ్మలోని అక్షరాలు చదవడం అప్పటికింకా రాదు. ఓదెలుకూ ఆయనలాంటి వాళ్లందరికీ అది ఒక్క మాటే వినిపించింది: "చిత్రం." బతుకమ్మ పండుగ రోజులవి. శుభాకాంక్షలేమో అనుకుని ఎవరి పనిలో వాళ్లు పడ్డారు.

మరి చూపున్నవాళ్లు? స్రవంతి చదివింది. పేరూ శబ్దమూ కంపెనీ సొంతమవుతాయన్న ముక్క కూడా చదివింది. వాడుకునేవాళ్లకు అభ్యంతరముంటే వాళ్లే అంటారులే అనుకుంది. వాళ్లు పలకలేదు గనుక తనూ పలకలేదు. నేను లోకంలో అందరినీ అనుమానించాను, నన్ను కన్న ఆమెను తప్ప.

కొన్నాళ్లకు కంపెనీవారు తమకు కావలసినట్టు మార్చిన పలకరింపు, అదే పేరుతో బడిలోకి వచ్చింది. మొదట మోగింది నేనే. ఒకమ్మాయి డాక్టరుకు తన ఒంటి సంగతేదో రాసుకుంటోంది. ఆ జబ్బుకు మందు దొరుకుతుందంటూ కంప్యూటర్ క్లాసంతా వినేలా ప్రకటన చదివింది. ఆమె కొట్టిన ప్రతి అక్షరమూ కంపెనీకి చేరుతోంది మరి. "గిలాస సప్పుడు ఇన్నంకనే కొట్టిన సార్" అని ఆ పిల్ల ఏడుస్తుంటే, సిగ్గుతో చచ్చిపోయాను.

ఓదెలు శ్రీకర్‌నూ స్రవంతినీ బడికి పిలిపించాడు.

"వారం గడువిచ్చాం కదండీ. ఎవరూ వద్దనలేదు" అన్నాడు శ్రీకర్, ఆ నవ్వుతోనే.

"ఎట్లంటం సారూ? మాకు చిత్రమని ఒక్క మాట ఇనవడ్డది. బతుకమ్మ బొమ్మనుకున్న." ఓదెలు స్రవంతి వైపు తిరిగాడు. "నువ్వు సదివినవా బిడ్డా?"

"చదివిన సార్."

"మరి నాకెందుకు చెప్పలే?"



ఇప్పుడు నేను చట్టప్రకారం కంపెనీదాన్ని. స్రవంతి బృందం తమ ప్రోగ్రాముకు కొత్త పేరు, కొత్త చప్పుడు పెట్టుకుంది. ఆ పాత ఆనవాయితీని తీసేయాలని ముందు అడిగింది స్రవంతే. ఇప్పుడు ఒప్పుకునేవాళ్లు నోరు తెరిచి ఒప్పుకున్నామని చెప్పాలి.

ఓదెలు క్లాసులో ఒక మూల పాత కంప్యూటర్ ఉంది. దాంట్లో కంపెనీ ప్రోగ్రామును కావాలనే ఉంచాడు. కొత్త పిల్లలు చేరినప్పుడల్లా దాన్ని తెరుస్తాడు. నేను మోగుతాను. అదే గ్లాసు, అదే చెంచా. ఆ పిల్లలను కాపాడటమే అప్పుడూ ఇప్పుడూ నా పని, కాకపోతే ఇప్పుడు నా నుంచే.

"ఇన్నరా? గిది ఇనవడంగనే చేతులు లేపుండ్రి" అంటాడు ఓదెలు.

కీబోర్డుల మీది చేతులన్నీ ఒక్కసారిగా లేస్తాయి. నా మోత పూర్తిగా ఆగేదాకా ఒక్క వేలూ కిందికి దిగదు.