కినార్డ్ ఉమ్మేసిన రోజు

మా ఊరి జట్టులో, చేత్తో ఆడే అమెరికా ఫుట్‌బాల్‌లో, బంతి విసిరే వేడ్ కినార్డ్ ఫైనల్లో ఆ ఆఖరి బంతి విసరాల్సింది కాదని లొరైన్ అంటుంది. విసరక ఏం చేస్తాడని డొమినిక్ అంటాడు. ఆ ఆట జరిగిన ఏడు పుట్టిన పిల్లలు ఇప్పుడు కార్లు నడుపుతున్నారు గానీ, వీళ్ళిద్దరి గొడవకి ఇంకా పాలపళ్ళు ఊడలేదు. గీతకి మూడే గజాలు, ముందంతా ఖాళీ, బంతి చంకలో పెట్టుకుని తనే పరిగెత్తి ఉంటే కప్పు మనదయ్యేదని ఆవిడ వాదన. ఎక్కడి ఖాళీ, ఎదురుగా ఇద్దరు గోడల్లా నిలబడితేనూ అని ఇతని వాదన. లొరైన్ బడి బస్సు నడుపుతుంది కాబట్టి ఆవిడ గొంతు ఆఖరి సీటు దాకా వినిపిస్తుంది. డొమినిక్ మంగలి కాబట్టి అతని మాటకి ఎదురు చెప్పాలంటే మనకి చెవుల మీద ఆశ ఉండకూడదు. ఇద్దరి మధ్యా నేను ఉండేది మంట ఆరిపోకుండా ఎగదోయడానికే.

కినార్డ్ ఆటకి దణ్ణం పెట్టేసి, సెనెకా సరస్సు పక్కన ద్రాక్షతోట కొని వైన్ చేయడం మొదలెట్టాక ఆ గొడవకి రెండో పొయ్యి దొరికింది. ఆ సీసా ఒక్కటి కొనే డబ్బుతో రెండు బకెట్ల కోడిరెక్కలు వస్తాయని లొరైన్ లెక్క. బీరు తాగేవాళ్ళ చప్పట్లతో పెద్దవాడై ఇప్పుడు బీరు తాగేవాళ్ళనే చిన్నచూపు చూస్తున్నాడని ఆవిడ బాధ. డొమినిక్ మాత్రం ఆ సీసా ఒకటి కొని, ఖాళీ అయ్యాక కడిగి, కొట్లో అద్దం ముందు పెట్టుకున్నాడు. నేను ఒకసారి అందులో ద్రాక్షరంగు షాంపూ పోసి మూత బిగించాను. వారం దాకా కనిపెట్టలేదు. కనిపెట్టాక నాకు క్రాపు ఎలా కొట్టాడో చెప్పను.

ఇక మా బావ బెర్నీ సంగతి. మా అక్క ఐరీన్ మొగుడు. కూతురి పెళ్ళిలో తండ్రీ కూతుళ్ళు కలిసి ఆడే డాన్సు వేళకి ఆయన తాగి బల్ల కింద నిద్రపోయాడు. పిల్ల ఒక్కతే హాలు మధ్యలో నిలబడింది. మర్నాడు అక్క ఏడవలేదు, తిట్టలేదు. సూట్‌కేసు తెచ్చి వీధి తలుపు పక్కన పెట్టి, ఇంకొక్క చుక్క పడిన రోజున ఇది పట్టుకుని నువ్వే వెళ్ళిపో అంది. బావ ఆ రోజు మానేశాడు. నిజంగానే మానేశాడు. సూట్‌కేసు మాత్రం కోట్లు తగిలించే కొయ్య కింద అలాగే ఉండిపోయింది.

ఈ సంగతి అక్కకీ, బావకీ, నాకూ తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. ఎందుకంటే ఆటకి ముందు స్టేడియం బయట సాసేజీలు కాల్చుకునే చోట, చేతిలో బీరు డబ్బా లేని మగాణ్ణి మావాళ్ళు చావుకి దగ్గరపడ్డవాణ్ణి చూసినట్టు చూస్తారు. ఒంట్లో ఎలా ఉంది, డాక్టరేమన్నాడు అని వీపు నిమురుతారు. బావ ఏదైనా ఓర్చుకుంటాడు గానీ, ఒకరి జాలి ఓర్చుకోలేడు. అందుకని నేను ప్రతి ఆటకీ ఖాళీ బీరు డబ్బా కడిగి, అందులో లోగన్‌బెర్రీ నింపి తెచ్చేవాణ్ణి. మా వైపు చిన్నపిల్లలు తాగే ఎర్రటి తీపి పళ్ళరసం అది. నా బతుకులో నేను చేసిన టక్కరి పనుల్లో పుణ్యం వచ్చేది అదొక్కటే.

కిందటేడు ద్రాక్ష కోతల రోజుల్లో అభిమానులొస్తే కినార్డ్ తన చేత్తో వైన్ పోస్తాడని కబురొచ్చింది. డొమినిక్ ఎగిరి గంతేశాడు. లొరైన్, తిట్టడానికైనా ముఖం చూడాలిగా అని బస్సు మాట్లాడి తనే నడిపింది. బావ కూడా రంగు వెలిసిన ఏడో నంబరు చొక్కా వేసుకుని నా పక్కన కూర్చున్నాడు. ఆ నంబరు కినార్డ్‌ది. ఊరు దాటాక నా చెవిలో నెమ్మదిగా అన్నాడు.

"ఒరే కాజ్, ఆయనే పోస్తే ఎలా వద్దంటానురా?"

"నోటితో."

"వేళాకోళం కాదురా. వద్దంటే అందరూ ఎందుకని అడుగుతారు. తాగితే మీ అక్క ఊరుకోదు. అది సరే, ఒక్క గుక్కతో నేను ఆగను. ఆ సంగతి నాకు తెలుసు."

ఆ ఆఖరి మాటకి నాకు నవ్వు రాలేదు. కోటు జేబులోంచి ఫ్లాస్కు కొంచెం పైకి తీసి చూపించాను. లోగన్‌బెర్రీ. అదీ ఎరుపే, ఇదీ ఎరుపే. మనం వెళ్ళగానే నీ గ్లాసు నిండా పోసేస్తా, నిండిన గ్లాసులో ఎవరూ మళ్ళీ పొయ్యరు అన్నాను. బావ కొంచెం తెరిపిన పడ్డాడు.

కినార్డ్ కొట్టంలో పీపాలు వరసగా ఉన్నాయి. నలిగిన ద్రాక్ష వాసన ముక్కు నిండా కొడుతోంది. పొడుగాటి బల్ల మీద గ్లాసులు, మధ్యలో ఒక రేకు బకెట్టు. అదెందుకో మాకెవరికీ తెలియలేదు. నేను వేరుశనగ తొక్కలు అందులో వేశాను. డొమినిక్ నా చెయ్యి మీద ఒక్కటిచ్చాడు. ఆ సందట్లోనే బావ గ్లాసు నింపేశాను.

కినార్డ్ వచ్చాడు. జుట్టు నెరిసింది, మోకాళ్ళు పట్టేసినట్టు నడుస్తున్నాడు, బూట్లు ఊదారంగుకి తిరిగాయి. ఒక్కొక్కరి దగ్గరా ఆగి, పేరడిగి, చేయి కలిపి, పోస్తూ వస్తున్నాడు. బావ చొక్కా చూసి ముఖం వెలిగింది. గ్లాసు చూసి నొసలు ముడిపడింది. ఎత్తి వాసన చూశాడు.

"ఎవరో పొద్దున్నే పోసి వదిలేసినట్టున్నారు, మిఠాయి వాసనొస్తోంది. నా పాత చొక్కా వేసుకున్న మనిషికి ఇదా?" అని ఆ గ్లాసు బకెట్టులో వంపేసి, చేతిలో ఉన్న సీసాలోంచి కొత్తగా పోశాడు. తనకీ కొంచెం పోసుకుని, గ్లాసుకి గ్లాసు తాకించాడు.

బావ గ్లాసు పట్టుకుని నా వంక చూశాడు. నేను మోచెయ్యి తగిలించి గ్లాసు కింద పడేద్దామా అనుకున్నాను. మధ్యలో లొరైన్ అడ్డంగా ఉంది. అప్పుడు కినార్డ్ తన గ్లాసు తిప్పి, నోట్లో పోసుకుని, బుగ్గలు అటూ ఇటూ ఆడించి, బకెట్టులోకి తుపుక్కున ఉమ్మేశాడు.

డొమినిక్ ముఖం చూస్తే పెళ్ళిలో పెళ్ళికొడుకు పారిపోయినట్టుంది.

"నేను ముందే చెప్పలేదూ? చేసినవాడికే మింగుడు పడట్లేదు," అంది లొరైన్.

కినార్డ్ పగలబడి నవ్వాడు. "కోతల రోజులమ్మా. పొద్దున్నుంచీ పీపా పీపాకీ రుచి చూస్తున్నా. అన్నీ మింగితే మధ్యాహ్నానికి నన్ను మీ బస్సులో వేసుకెళ్ళాలి. ఈ బకెట్టు అందుకే. ఉమ్మండి, పారబొయ్యండి, ఇక్కడెవరూ ఏమీ అనుకోరు."

బావ బకెట్టు వంక చూశాడు. మునిగిపోయేవాడు చెక్కని చూసినట్టు చూశాడు. గ్లాసు పెదాల దాకా తీసుకెళ్ళలేదు. అలాగే వంచి పారబోశాడు. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు.

"నేను తాగనండి. మానేశాను. మీరు పోస్తుంటే వద్దని చెప్పలేకపోయాను."

అందరూ విన్నారు. కినార్డ్ ఆయన వీపు నిమరలేదు, ఒంట్లో ఎలా ఉందని అడగలేదు.

"నా ఆట చూసి తాగుడు మొదలెట్టినవాళ్ళని చూశాను గానీ, నా ఆట చూస్తూ మానేసినవాణ్ణి నిన్నే చూస్తున్నానయ్యా," అన్నాడు. లోపలికి వెళ్ళి, అప్పుడే పిండిన ద్రాక్షరసం జగ్గుతో తెచ్చాడు. "ఇది ఇంకా వైన్ అవలేదు. కాసేపటి క్రితం దాకా తీగ మీదే ఉంది." బావ గ్లాసు నింపాడు. బావ గటగటా తాగేసి మళ్ళీ పట్టాడు.

ఊపిరి తిరిగాక లొరైన్ అడగనే అడిగింది, ఆ ఆఖరి బంతి ఎందుకు విసిరావని. కినార్డ్ తల గోక్కున్నాడు.

"పరిగెత్తాల్సిందమ్మా. తప్పు నాదే."

ఇన్నేళ్ళ వాదన గెలిచినావిడ ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ముఖం మాడ్చుకుంది. "అదేం మాట? ఎక్కడుంది ఖాళీ? ఎదురుగా ఇద్దరు గోడల్లా నిలబడితేనూ," అని ఆయన మీదే విరుచుకుపడింది. డొమినిక్ నోరు తెరిచి మూయడం మర్చిపోయాడు. ఆవిడ రెండు సీసాలు కొంది కూడా. తన వదినకట.

తిరుగు దారిలో బావ సీట్లో ముందుకి జరిగాడు. ఇన్నాళ్ళూ మీ దగ్గర దాచినందుకు ఏమీ అనుకోకండి అన్నాడు. లొరైన్ అద్దంలోంచి ఆయన్ని చూసింది.

"దాచావా? ఎర్ర బీరు ఎక్కడైనా ఉందా బెర్నీ? ప్రతి ఆటకీ నీ మీసం కోడిజుట్టులా ఎర్రగా ఉంటే మాకు కళ్ళు లేవనుకున్నావా?"

"ఆ మీసం కత్తిరించేది నేను," అన్నాడు డొమినిక్. "నువ్వే చెబుతావని చూస్తున్నాం."

బావ నన్ను చూశాడు. నేను కిటికీలోంచి ఆవుల్ని చూశాను. తర్వాత బావ నవ్వడం మొదలెట్టాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. ఫ్లాస్కులో మిగిలింది చేతులు మారి ఖాళీ అయింది.

ఇంటి దగ్గర అక్క తలుపు తీసింది. బావ మీసం ఊదారంగులో ఉంది. అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. కళ్ళు సూట్‌కేసు మీదికి పోయాయి. బావ ఏమీ చెప్పకుండా ముందుకి వంగి, పంతులమ్మ ముందు పిల్లాడిలా నోరు తెరిచాడు. అక్క వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"ద్రాక్షరసం," అంది.

"కినార్డ్ పిండాడే," అన్నాడు బావ.

అక్క బొటనవేలితో బావ మీసం తుడిచింది. తర్వాత నా వైపు తిరిగి, ఈ సూట్‌కేసు ఎప్పుడూ కాళ్ళకి అడ్డం పడుతోంది, అటక మీద పడెయ్యరా అంది. పడేశాను. పడేసే ముందు అందులో నాలుగు ఇటుకలు పెట్టాను. మా బావకి ఎప్పుడైనా దాన్ని దింపాలని బుద్ధి పుడితే, నడుం పట్టేసి ఇంట్లోనే పడుంటాడు.