వెర్నా చేతి పాట్‌పై

థాంక్స్‌గివింగ్ మర్నాడు, శుక్రవారం మధ్యాహ్నం వెర్నా డాల్కీ ఇంట్లో టర్కీ పాట్‌పై తినడమన్నది ఆ కుటుంబంలో ఎవరూ పెట్టని, ఎవరూ ఎత్తెయ్యలేని చట్టం. గురువారం పండగకి కాల్చిన టర్కీ కోడిలో మిగిలిన మాంసాన్ని ఎముకల మీంచి ఒలిచి, ఆ ఎముకలు మరిగించిన నీళ్లలో వెన్నా మైదా కలిపి చిక్కగా గ్రేవీ కాచి, బఠాణీలూ క్యారెట్టూ, సేజ్ అనే ఘాటైన ఆకూ వేసి, పైన మైదా రొట్టెని మూతలా కప్పి ఓవెన్‌లో పెట్టేది. మిగిలినదానితోనే చెయ్యాలి. అందుకోసం కొత్తగా కోడిని కొనడమంటే, వెర్నా లెక్కలో, ప్రార్థన మధ్యలో గురక పెట్టడం కన్నా పెద్ద తప్పు. చేసేది ఒక్కటి కాదు. అక్కడ తినడానికి ఒకటి, ఇంటికి పట్టుకెళ్లడానికి ఇంటికొకటి. రేకు పళ్లెం మీద నీలం టేపు అంటించి, ఆ ఏడాది అంకె వేసి మరీ చేతిలో పెట్టేది. పుచ్చుకున్నవాళ్లు ఏటా ఒకే మాట అనేవారు: "నీ చేతి పాట్‌పై లేకపోతే పండగ పండగలా ఉండదు." ఆ ఒక్క మాట నెమరేసుకుంటూ వెర్నా మళ్లీ పండగ దాకా నెట్టుకొచ్చేది.

ఈ ఏడు గురువారం చెయ్యి జారిపోయింది. "ఈసారి పండగ మా ఇంట్లో చేస్తాను. మీరు హాయిగా కూర్చోండి అత్తయ్యా" అంది కోడలు టెస్. వెర్నాకి ఆ మాట 'ఇక లేవకండి' అన్నట్టు వినిపించింది. అయినా వెళ్లి కూర్చుంది. టర్కీ బాగా కుదిరింది. అదే అసలు బాధ. ఉప్పు తగ్గిందేమో, రొమ్ము ముక్క ఎండిందేమో అని ఒకటికి రెండుసార్లు వడ్డించుకుని వెతికినా తప్పు దొరకలేదు. భోజనాలయ్యాక టెస్ మిగిలిన మాంసాన్ని డబ్బాల్లో సర్ది వచ్చినవాళ్లకి పంచేసింది. పాట్‌పై కోసం తెచ్చుకున్న సంచి పట్టుకుని వెర్నా వంటింట్లోకి వెళ్లేసరికి ఎముకల గూడు చెత్తబుట్టలో, కాఫీ పిప్పి కింద ఉంది.

"ఎముకలు పారేశావా?"

"అవునత్తయ్యా" అంది టెస్. ఇంకేదో అనబోయి మొగుడి వైపు చూసి గిన్నెలు తోముకోవడంలో పడింది.

వెర్నా కొడుకు కర్ట్ ఇంటి కప్పు వైపు చూస్తూ, "ఈ ఏడు పాట్‌పై లేకపోతే మాత్రం ఏమైందమ్మా? నువ్వు ఎన్నాళ్లని కష్టపడతావు?" అన్నాడు.

అంత ప్రేమ వాడికి ఎప్పుడు పుట్టుకొచ్చిందో వెర్నాకి అర్థం కాలేదు. క్రిస్మస్ ఎలాగూ టెస్ పుట్టింటివాళ్లది. గురువారం టెస్ తీసేసుకుంది. శుక్రవారం కూడా పోతే తన ఇంటికి ఏడాది పొడుగునా రావలసిన పని ఎవరికీ ఉండదు. మొగుడు హార్లన్ పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉంటున్న మనిషికి అది చిన్న సంగతి కాదు.

"ఎప్పటిలాగే రేపు పన్నెండింటికి వచ్చెయ్యండి" అని చెప్పి కారెక్కింది.

శుక్రవారం పొద్దున్నే వెర్నా, నిన్న టెస్ పంచిన మాంసాన్ని తిరిగి వసూలు చెయ్యడానికి బయల్దేరింది. ఇచ్చింది తను కాదు కాబట్టి అడగడంలో సిగ్గేమీ లేదని దారిలో తనకి తనే తీర్పు చెప్పుకుంది. ముందు పాస్టర్ లిండ్‌క్విస్ట్ ఇంటికి వెళ్లింది. ఆయనా నిన్న విందుకి వచ్చినవాడే. తలుపు తీసేసరికి ఆయన చేతిలో డబ్బా, డబ్బాలో ఫోర్కు ఉన్నాయి.

"పాస్టర్‌గారూ, ఆ టర్కీ నాకు కావాలి."

"ఇది... నేను తింటున్నానమ్మా."

"తెలుస్తూనే ఉంది. మిగిలింది చాలు."

నలభై ఏళ్లుగా ఇతరులకి ఇవ్వడం గురించి బోధిస్తున్న మనిషి డబ్బా ఇవ్వడానికి కాస్త తటపటాయించాడు. చివరికి ఫోర్కు మాత్రం తీసుకుని తలుపేసుకున్నాడు. డబ్బాలో గుప్పెడు ముక్కలున్నాయి, ఎక్కువ తోలే.

అక్కణ్నించి చెల్లెలు ఆర్లిస్ ఇంటికి వెళ్లింది. ఆర్లిస్ లేదు. సగం ధరకి టీవీ ఇస్తున్నారని తెల్లారకుండానే కొట్టు ముందు వరసలో నిలబడ్డానికి వెళ్లింది. మరిది డ్వేన్ గరాజ్‌లో ఉన్నాడు. వేట రోజులు కదా, నిన్న సాయంత్రం కొట్టిన జింక దూలానికి వేలాడుతోంది. దాని మాంసానికి చోటు చెయ్యాలని డీప్ ఫ్రీజర్ మొత్తం ఖాళీ చేసి కింద పరిచాడు.

పరిచినవాటిలో చేపలున్నాయి, మొక్కజొన్న పొత్తులున్నాయి, గోడవారగా ఇటుకల వరసలా పేర్చిన రేకు పళ్లేలున్నాయి. ప్రతి పళ్లేనికీ నీలం టేపు, టేపు మీద వెర్నా చేతిరాత. ఒక్క ఏడూ తప్పిపోలేదు. జింక కింద పరిచిన టార్పాలిన్ గాలికి లేవకుండా మూలకి ఒకటి చొప్పున నాలుగు పాట్‌పైలు బరువు పెట్టి ఉన్నాయి.

డ్వేన్ ఆమెనీ, ఆమె చూస్తున్న మూలనీ చూశాడు. చేతిలో కత్తిని ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో పెట్టుకోబోయాడు.

"అవి... దాచుకున్నాం వదినా."

"ఎందుకు?"

"మంచివి కదా. ఒకేసారి తినేస్తే అయిపోతాయని."

"టార్పాలిన్‌కి బాగా పనికొస్తున్నాయి."

"బరువుంటాయి కదా వదినా" అన్నాడు డ్వేన్ మెచ్చుకోలుగా. అన్నాక నాలిక్కరుచుకున్నాడు.

వెర్నా వంగి గోడవార వరసలో అన్నిటికన్నా అడుగునున్నది లాగింది.

"వదినా, అది బాగా పాతది."

"తెలుసు. అంకె వేసింది నేనే. డ్వేన్, ఇది నేను తీసుకెళ్లిన సంగతి నీ నోట్లోంచి వచ్చిందో, ఆర్లిస్ కొత్త కుర్చీ మీద సిగరెట్ మచ్చ ఎలా పడిందో నా నోట్లోంచి వస్తుంది."

కారులో కూర్చున్నాక ఏడుపొచ్చింది. పక్క సీట్లో పెట్టిన పాట్‌పైని చూసి మనిషి కూర్చుందనుకుందో ఏమో, బెల్టు పెట్టుకోమని కారు ఒకటే మోత మోగించింది. వెర్నా ముక్కు తుడుచుకుని దానికి బెల్టు పెట్టింది. ఏడుపు ఇంటిదాకా వచ్చింది కానీ గుమ్మం దాటలేదు. లోపలికి వెళ్లేసరికి అది ఒళ్లుమంటగా మారింది. పాస్టర్ డబ్బా పిల్లికి పెట్టేసింది. గడ్డకట్టిన పాట్‌పైని రేకు పళ్లెంలోంచి ఊడదీసి తన తెల్ల పింగాణీ గిన్నెలోకి దింపింది. టేపు పీకి చెత్తలో వేసింది. పైన కాస్త వెన్న రాసి ఓవెన్‌లోకి తోసింది. కనీసం ఒక్కళ్లయినా నిజం చెబుతారో లేదో చూద్దామనుకుంది.

పన్నెండింటికి అందరూ వచ్చారు. ఆర్లిస్ టీవీ దొరికిన సంబరంలో ఉంది. డ్వేన్ చర్చికి వచ్చినట్టు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎముకలు లేకుండా ఎలా చేశావని ఒక్కళ్లూ అడగలేదు. అడిగితే మాట పెరుగుతుందని భయం కాబోలు. వెర్నా అందరికీ వడ్డించి, ఎన్నడూ లేనిది, తనూ ఓ ముక్క వేసుకుంది. ఇన్నేళ్లూ వడ్డించడమే సరిపోయి ఆమె తిన్నది గిన్నె అంచుకి అంటుకున్న రొట్టె పెచ్చులే. నోట్లో పెట్టుకుంది. పాత మంచు రుచి, తడిసిన అట్ట రుచి, ఆ రెంటినీ తొక్కుకుంటూ సేజ్ ఆకు ఘాటు.

"అబ్బ, ఈ ఏడు మరీ బాగా కుదిరిందక్కా" అంది ఆర్లిస్.

"రుచి ఏళ్ల తరబడి ఊరినట్టుంది" అన్నాడు డ్వేన్. పాపం, అతను నిజానికి చాలా దగ్గరగా వచ్చాడు.

"నీ చేతి పాట్‌పై లేకపోతే పండగ పండగలా ఉండదమ్మా" అన్నాడు కర్ట్, నమలకుండా మింగుతూ.

టెస్ ఫోర్కు కింద పెట్టింది. "అత్తయ్యా, నేనిది తినలేను."

బల్ల కింద ఏదో తగిలిన చప్పుడైంది.

"నీ కాలు తియ్యి కర్ట్" అంది టెస్.

"ఎందుకు తినలేవు?" అంది వెర్నా.

"ఐసు వాసనొస్తోంది. రొట్టె అట్టలా ఉంది. తాజాగా చేసినప్పుడు నయమే కానీ, అప్పుడూ ఆ సేజ్ ఆకు ఎక్కువే. దగ్గు మందు తాగినట్టుంటుంది." టెస్ ముఖం ఎర్రబడింది, కానీ మాట ఆపలేదు. "ఇంకో సంగతి. ఎముకలు నేను పారెయ్యాలనుకోలేదు. ఈ ఒక్క ఏడన్నా తప్పించుకుందాం, పారెయ్యి, నీ ఆలోచనే అన్నట్టు ఉండనీ అని కర్ట్ అన్నాడు. నిన్నట్నించీ నాకు మనసేం బాగాలేదు."

కర్ట్ ఉన్నట్టుండి నీళ్ల గ్లాసులో మునిగిపోయాడు. ఆర్లిస్ తన పళ్లెంలోని బఠాణీలని తొలిసారి చూస్తున్నట్టు చూసింది.

వెర్నా మెల్లగా, "ఆ ఆకు హార్లన్ కోసం వేసేదాన్ని" అంది. "పొగాకు నమిలి నమిలి ఆయన నాలిక్కి ఇంకేదీ తెలిసేది కాదు. ఆయన పోయాక తగ్గించాలన్న సంగతే నాకు తోచలేదు. తగ్గించమని ఇంతమందిలో ఒక్కళ్లూ చెప్పలేదు."

లేచి పెద్ద గరిటె అందుకుంది. కర్ట్ పళ్లెంలో గిన్నె మూలనున్న మందపాటి ముక్క వేసింది. ఆర్లిస్‌కి ఒకటి, డ్వేన్‌కి ఒకటి వేసింది.

"తిను నాన్నా. ఇది లేకపోతే పండగ పండగలా ఉండదు కదా. ఆర్లిస్, నువ్వూ కానియ్యి. దాచుకోవడానికి ఇప్పుడు మీ ఫ్రీజర్‌లో చోటు కూడా లేదు."

ఆర్లిస్ మొగుడి వైపు తిరిగింది. డ్వేన్ రెండు ముక్కలు ఒకేసారి నోట్లో కుక్కుకున్నాడు.

వెర్నా తన పళ్లెం, కోడలి పళ్లెం తీసుకుని వంటింట్లోకి నడిచి, రెండూ చెత్తబుట్టలో దులిపింది. పెనం పొయ్యి మీద పెట్టి వెన్న వేసింది. వెనకే టెస్ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"గుడ్డు ఎలా కావాలి నీకు?"

"పచ్చసొన మెత్తగా ఉండాలత్తయ్యా."

"వచ్చే ఏడు ఎముకలు నాకు తెచ్చి ఇయ్యి. ఆకు ఎంత వెయ్యాలో పక్కనుండి చూద్దువుగాని."

"సరే" అంది టెస్, గుడ్ల అట్ట అందిస్తూ.

వెర్నా గుడ్డు పగలగొట్టింది. అవతల బల్ల దగ్గర పళ్లేల మీద ఫోర్కుల చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. కర్ట్ ఇంకా తింటూనే ఉన్నాడు.