కోటయ్య బావ చెట్టు

వెల్దుర్తి అవతల చేలగట్ల మీద బాబూరావు కల్లు గీసే తాటిచెట్లు ఒకప్పుడు ముప్పై. ఇప్పుడు నాలుగు. ఊరి నోరు మారిపోయింది మరి. కుర్రకారుకు చల్లటి బీరు కావాలి, కూలీలకు మేస్త్రీ క్వార్టరు సీసా ఇప్పించాలి. తాటాకు దొప్పలో కల్లు తాగితే నామోషీ అట. పోతే పోయారు, వాళ్ల కోసం బాబూరావు బెంగపడలేదు. అతని బెంగంతా మిరప రైతు త్రికోటేశ్వరరావు కోసం, తను కోటయ్య బావ అని పిలిచే మనిషి కోసం.

ఆ రైతుకు ఒక చెట్టు ప్రత్యేకం. వేసవి పొడుగునా ఆ చెట్టు కల్లు ఇంకొకరికి పొయ్యకూడదని ఇద్దరి మధ్యా మాట. పాతికేళ్లపాటు పొద్దున్నే వచ్చి, గట్టు మీద గొంతుక్కూర్చుని, రెండు చేతులా దొప్ప పట్టేవాడు. మిరప ధర, పెళ్లాం కోపం, ఎన్నికల తగువు, అన్నీ అక్కడే తేలేవి. అలాంటిది రెండు వేసవులుగా మనిషి జాడ లేదు. ఆయన కారు మాత్రం ఆ రోడ్డు మీదే ఆగకుండా పోతోంది. ఒకసారి వెనక సీట్లో బీరు పెట్టె కూడా కనిపించింది. ఈయనా అటే పోయాడన్నమాట అనుకున్నాడు బాబూరావు.

అయినా ఈ మొండిఘటం ఆ చెట్టు గీయడం మానలేదు. కల్లు దించడం, ఎండ ముదిరేదాకా దారి చూడటం, పులిసిపోయాక పారబోయడం. రాని మనిషికి ఈ ఊడిగమేందని భార్య సరస్వతమ్మ రోజూ సణిగేది. ఆ గొంతు వినాలని ప్రాణం కొట్టుకుంటోందని చెప్పుకోలేక, మోకు భుజాన వేసుకుని చెట్టెక్కడానికి వెళ్లిపోయేవాడు.

నిన్న పొద్దున కారు ఆగింది. త్రికోటేశ్వరరావు దిగాడు. సగానికి సగం చిక్కిపోయాడు. బాబూరావు గబగబా ఆకు మడిచిచ్చి, కల్లు ముంత ఎత్తాడు. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"డాక్టరు చుక్క ముట్టొద్దన్నాడ్రా. రెండేళ్లయింది."

"మరి ఆ బీరు పెట్టె?"

"అల్లుడిది. నీ కాడికొచ్చి తాగకుండా కూసునేదెట్టా? మొహం చెల్లక రాలేదు."

బాబూరావుకు ఒళ్లు మండిపోయింది. ఇంతేనా! దీనికోసమా ఇన్ని పొద్దులు పోగొట్టుకున్నది? ముంత పక్కన పెట్టి, తన కోసం తెచ్చుకున్న నీళ్ల సీసా మూత తీశాడు.

"పట్టు బావా, దొప్ప."

త్రికోటేశ్వరరావు ఎప్పటిలాగే గొంతుక్కూర్చుని రెండు చేతులా పట్టాడు. నీళ్లు మోచేతుల దాకా కారాయి. కడదాకా తాగి మూతి తుడుచుకున్నాడు. రేపు కూడా వస్తావా అని అడగాలంటే బాబూరావుకు భయం వేసింది. అయినా అడిగాడు.

"రేపు కుండ నీళ్లు తే," అన్నాడాయన. "ఇయ్యి చానా వేడిగా ఉన్నయ్."