సోమలింగం ఆదివారాలు

రాత్రి షిఫ్టు దిగి వచ్చిన సోమలింగం కుళాయి కింద తలపెట్టి చెవుల వెనక చేరిన నూలు నుసి కడుక్కుంటున్నాడు. యాభై దాటిన మనిషి. బక్కపలచని ఒళ్ళు, మరమగ్గం మీదికి వంగీ వంగీ ముందుకు పడ్డ మెడ, దాని చప్పుడుకు సగం పోయిన వినికిడి. ఇంకొకడైతే ఉన్నపళంగా చాప మీద వాలిపోయేవాడు. ఈయన ఖాకీ చొక్కా తొడుక్కుని, మెడకు స్కార్ఫు చుట్టుకుని, నిద్రకళ్ళతోనే అద్దంలో చూసుకున్నాడు.

"ఇంత తిని పోరాదు," అంది భార్య విజయశ్రీ.

"ఆడ ఖిచిడీ ఉంటది."

"ఇయ్యాల ఆఖరు గద. ఎవరన్న ఒప్పుకున్నరా?"

సోమలింగం స్కార్ఫు ముడి మళ్ళీ సర్దుకున్నాడు. వినపడలేదనుకోవడానికి వీల్లేదు. నెల నుంచీ ఆ ప్రశ్నే ఆయన్ని తినేస్తోంది.

ఉధ్నాలో ఆయన పనిచేసే మగ్గాల షెడ్డును సేటు ఊరికి దూరంగా కామ్‌రేజ్‌కు మారుస్తున్నాడు. కొత్త మగ్గాలు కుర్రాళ్ళకిచ్చి, సోమలింగాన్ని గేటు కాపలాకు పెట్టాడు. ఉండడానికి అక్కడే గది. ఆదివారం సెలవు లేదు. ఇవాళ సాయంత్రమే వెళ్ళి చేరాలి. తను పోయాక తాముండే లింబాయత్ పిల్లల స్కౌటు దళాన్ని ఎవరు నడుపుతారన్నదే ఆయన బెంగ. బాధ్యత తీసుకునే పెద్ద ఒకరు ముందుకు రాకపోతే దళం మూతపడుతుంది.

ఈ దళం నడిచే తీరు చూస్తే ఎవరికైనా విడ్డూరమే. జీతం తీసుకునే మనిషి ఒక్కడూ లేడు. పిల్లల్ని చేర్చాలంటే ఇంట్లోంచి ఒక పెద్ద కూడా ఆదివారం వచ్చి ఏదో ఒక పని పట్టాలి. పనులు షిఫ్టును బట్టి. పగటి షిఫ్టువాళ్ళు పిల్లల్ని పరుగెత్తిస్తారు. రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు నిలబడితే తూలుతారు కనక కూర్చుని ఆలుగడ్డలు తరుగుతారు. అమ్మానాన్నలకు తీరకపోతే నాయనమ్మ వస్తుంది. కొంగు నడుముకు చెక్కి మూడు వేళ్ళతో సెల్యూట్ కొట్టే ముసలమ్మలను చూడాలంటే ఇక్కడికే రావాలి.

సోమలింగం కూడా అలా వచ్చినవాడే. కూతురు హారతి చిన్నప్పుడు చేరతానని గోలపెడితే వెంట వచ్చాడు. ఆ పిల్ల పెద్దదై, పెళ్ళి చేసుకుని వాపి పట్నానికి వెళ్ళిపోయింది. ఈయన మానలేదు. "నాయిన రావాలన్నరు గని, ఎప్పుడు బందు చెయ్యాల్నో చెప్పలే," అంటాడు ఎవరడిగినా. నవ్వులాటకు అంటాడు గానీ అసలు సంగతి వేరు. షెడ్డులో ఆయన్ని మగ్గం నెంబరుతో పిలుస్తారు. ఇక్కడ పిల్లాపెద్దా సోమన్న అంటారు. ఆ పిలుపంటే ఆయనకు ప్రాణం.

ఆవేళ బడి ఆవరణలో డేరా కట్టడం నేర్పాలి. పగటి షిఫ్టులో పనిచేసే కనకయ్య ముందు నిలబడ్డాడు. గట్టి గొంతు, నలుగురినీ కదిలించే మనిషి. సోమలింగం ఆశంతా ఆయన మీదే. తండ్రులు తలో తాడూ పట్టుకుని ముళ్ళు వేశారు. తరతరాలుగా నేతపనివాళ్ళు, ముళ్ళకేం కొదవ? డేరా లేచింది. నీడ బాగుందని కనకయ్య తల్లి లోపలికి వెళ్ళి కూర్చుంది. ఒక్క గాలి విసురుకు ముళ్ళన్నీ జారి డేరా ఆమె మీద కూలింది.

"నేను బతికే ఉన్న," అంది ముసలమ్మ గుడ్డ కిందినుంచి. "ఎవడు కట్టిండ్రా?"

"తాడే మంచిగ లేదు," అన్నాడు కనకయ్య.

మళ్ళీ కట్టారు, మళ్ళీ జారింది. ఎందుకు జారుతోందో సోమలింగానికి తెలుసు. అయినా పెదవి విప్పలేదు. ఇవాళ తను చెబితే వచ్చే వారం ఎవరు చెబుతారు?

ఆలుగడ్డల దగ్గర్నుంచి వజ్రమ్మ లేచి వచ్చింది. ఇంట్లో కూర్చుని చీరలకు వేలాడే దారాలు కత్తిరించే మనిషి, ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. వంగి నేల మీది నుంచి పొట్టి తాడుముక్కలు ఏరింది.

"కనకన్నా, గివేంది?"

మగవాళ్ళు ఎవరి చేతులు వాళ్ళు చూసుకున్నారు. మగ్గం మీద పోగు తెగితే ముడేసి, ఆ వెంటనే కొసలు కత్తిరిస్తారు. కొస మిగిలితే గుడ్డ చెడుతుంది. డేరా తాడుకు మాత్రం జానెడు కొస వదలాలి, లేకపోతే ముడి జారుతుంది. పొద్దున్నే అందరికీ చెప్పారు, అందరూ తలూపారు. తీరా ముడి పడగానే చెయ్యి దానంతటదే జేబులో కత్తెర మీదికి పోయింది.

వజ్రమ్మ పాఠం చెప్పలేదు. ఖాళీ పళ్ళెం ఒకటి తెచ్చి పట్టుకుంది. "కత్తెర్లు గిండ్ల వెయ్యుండ్రి. ఇంటికి పోయేటప్పుడు తీసుకోండ్రి."

కనకయ్య నవ్వబోయాడు. ఆమె పళ్ళెం దించకపోయేసరికి ముందు ఆయనే వేశాడు. పళ్ళెం తిరిగి తిరిగి సోమలింగం ముందుకొచ్చింది. "నువ్వు గూడ అన్నా. నీ చెయ్యి గూడ గసొంటిదే గద."

ఆయన నవ్వుతూ తన కత్తెర వేశాడు. ఈసారి డేరా నిలిచింది. ముసలమ్మ తాడు గుంజి చూసి మరీ లోపలికి వెళ్ళింది.

ఖిచిడీ తినేటప్పుడు సోమలింగం అడిగేశాడు. "వజ్రమ్మా, దళం నువ్వు చూసుకోవాలె."

"నాకేం తెలుసన్నా? సెల్యూటే సరిగ రాదు."

"అది పిల్లలు నేర్పుతరు. మనోళ్ళ చేతులు ఎటు పోతున్నయో చూసేటోళ్ళు కావాలె."

ఆయన భయం భయంగా కనకయ్య వైపు చూశాడు. కనకయ్య ముద్ద మింగి, "కేకలేసుడు నేనేస్త, చూసుడు ఆమెనే చూడని," అన్నాడు.

వజ్రమ్మ పళ్ళెంలో వేలితో గీతలు గీసింది. "మరి నా వంతు ఆలుగడ్డలు ఎవరు తరుగుతరు?" అంది చివరికి. సోమలింగం గుండె మీది బరువు దిగిపోయింది.

వీడ్కోలు మాటలేమీ జరగలేదు. అందరూ జెండా దించుతూ సెల్యూట్‌లో ఉండగా బడి గేటు ముందు షేర్ ఆటో ఆగి, సోమలింగాన్ని ఎక్కించుకుంది. సెల్యూట్‌లో ఉన్నవాళ్ళు తల తిప్పకూడదని నేర్పింది ఆయనే. ఎవరూ తిప్పలేదు. ఆటో వెళ్ళిపోయిన చప్పుడు మాత్రం విన్నారు.

ఆ తర్వాత మగవాళ్ళు ఎవరి కత్తెర వాళ్ళు తీసుకున్నారు. పళ్ళెంలో ఒకటి మిగిలింది.

"సోమన్నది," అన్నాడు కనకయ్య. "ఉరికిపోయి ఇచ్చి రానా?"

"వద్దన్నా. గేటు కాడ ఏం పోగులు తెగుతయ్?"

వజ్రమ్మ పళ్ళెం అరుగు మీద పెట్టింది. చిన్న ఇనుప కత్తెర. పిడికి చుట్టిన ఎర్రదారం ఆయన బొటనవేలు ఆనే చోట అరిగిపోయి, కింద ఇనుము నున్నగా మెరుస్తోంది.