ఉక్కు ట్యాంకులు, పల్చటి సూటు

పడవ కదిలేలోపు చేయాల్సిన పనులు: ట్యాంకుల్లో గాలి నింపించాలి. గొట్టాలు ఎక్కడా కారడం లేదని చూడాలి. గొలుసు గీకే ఉలులు సంచిలో వేయాలి. మావయ్య చేత ఉక్కు ట్యాంకులు మాన్పించాలి. చివరిది తప్ప అన్నీ అయ్యాయి.

మాది నీటి అడుగున పనిచేసే కుటుంబం. ఇంతకాలం చల్లటి జలాశయంలో తూములు శుభ్రం చేశాం. అక్కడ మావయ్య వీపున ఎప్పుడూ ఉక్కు ట్యాంకుల జంటే. ఆ చలికి వేసుకునే మందపాటి సూటులోకి కూడా గాలి పంపుకోవచ్చు. తేలడానికి వీపు మీద ఉండే గాలిసంచి చిరిగినా సూటే మనిషిని పైకి తెస్తుంది. ఈసారి పని వెచ్చటి సముద్రంలో. ఓడలకు దారి చూపే బోయా గొలుసు గీకాలి. కింద అడుగన్నది కనిపించదు. గాలి నింపే వీల్లేని, ఒంటికి అతుక్కునే పల్చటి సూట్లు వేసుకున్నాం.

"సంచి చిరిగితే నిన్ను తేల్చేదేముంది మావయ్యా? నాలాగా అల్యూమినియం జంట కట్టుకో. అవి తేలిక కాబట్టి మునగడానికి నడుముకి సీసం బరువు ఉంటుంది, ప్రాణం మీదికొస్తే విప్పి పారేయొచ్చు."

"ఆ అల్యూమినియం ఖాళీ అయ్యేకొద్దీ బెండులా పైకి లాగుతుందే. ఈ ఉక్కు బరువు నా వీపుకి అలవాటు. మనింట్లో మొదటి డిగ్రీ నీదే, కాదన్నానా? కానీ నీళ్లు సర్టిఫికెట్లు అడగవమ్మడూ."

"మీ మామాకోడళ్ల పంచాయితీ తెగేసరికి ప్రవాహం కాస్తా మారిపోతుంది," అన్నాడు పడవ నడిపే సరంగు.

దిగాం. గొలుసు నిండా గుల్లలు, కత్తుల్లాంటి అంచులు. మావయ్య పక్కకు తిరిగినప్పుడు సంచి వాటికి ఒరుసుకుంది. బుస్సుమని బుడగలు. ఆయన సంచిలో గాలి నింపే బొత్తం నొక్కారు. లోపలికి పోయిన గాలి పోయినట్టే బయటికొచ్చింది. ప్రవాహం ఆయన్ని గొలుసుకు దూరంగా నెట్టింది. కాళ్లు ఎంత కొట్టుకున్నా కిందికే పోతున్నారు.

తలకిందులుగా ఈది వెళ్లి ఆయన జబ్బ దొరకబుచ్చుకున్నాను. నా సంచి నిండా గాలి నింపాను. ఆగలేదు. సీసం విప్పేశాను. వేగం తగ్గింది కానీ ఇద్దరం దిగుతూనే ఉన్నాం. చెవులు పోటెత్తుతున్నాయి.

నా రెండో గొట్టం ఆయన నోటికి అందించి, ఆయన ట్యాంకుల పట్టీ చూపించాను. తల అడ్డంగా ఊపారు. నా చెయ్యి వదిలించబోయారు. నన్ను పైకి పొమ్మని సైగ. నేను ఇంకా గట్టిగా పట్టుకుని మళ్లీ పట్టీనే చూపించాను. నీళ్లలో వీపు ఖాళీ చేసుకోవడమంటే ఆయనకు ప్రాణం ఒలుచుకోవడమే. నా కళ్లలోకి చూశారు. చూసి, పట్టీ విప్పారు.

ట్యాంకులు చీకట్లోకి జారిపోయాయి. ఒక్కసారిగా పైకి లేవబోయాం. అంత వేగంగా లేచినా ప్రమాదమే కనుక నా సంచిలో గాలి వదిలాను. ఈదుకుంటూ వెళ్లి గొలుసు అందుకున్నాం. దాన్ని వాటేసుకుని, నా ట్యాంకుల గాలే ఇద్దరం పీలుస్తూ, ఆగుతూ ఆగుతూ పైకొచ్చాం.

పడవ ఎక్కాం. మావయ్య, "మీ అత్తయ్యకి ట్యాంకులు దొంగలెత్తుకుపోయారని చెబుదామా?" అన్నారు.

కానీ దాచలేదు. డైవింగ్ సామాను అమ్మే మా దుకాణానికి ఎవరొచ్చినా, ట్యాంకులు చూపించే ముందు మావయ్య, "ఏ నీళ్లు? ఏ సూటు?" అని అడిగేవారు. చలినీళ్లకి గాలి నింపే సూటుతో వెళ్తే ఉక్కు, పల్చటి సూటుతో లోతు సముద్రానికైతే అల్యూమినియం అని చెప్పి, తన పొరపాటు తనే వినిపించేవారు. ఎవరైనా నవ్వితే ఆయనా నవ్వేవారు.

ఆయన్ని సముద్రం తీసుకోలేదు. నిరుడు ఇంట్లోనే, మంచం మీద పోయారు. మీరెప్పుడైనా వీపుకి జంట ట్యాంకులు కట్టుకోవాల్సి వస్తే, దయచేసి మా మావయ్యని ఒక్కసారి తలుచుకోండి.