యూడోరా ఓవెన్‌లో తూటాలు

జోలీన్ పోయాక అది రెండో వసంతం. ఆమె మొగుడు థర్మన్, ఆమె తల్లి యూడోరా, ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉంటున్నారు. కూతురికి జబ్బు ముదిరిందని తెలిసి సేవ చేయడానికి బ్యూట్ అనే ఊరి నుంచి వచ్చింది యూడోరా. కూతురు పోయాక వెళ్తానని ఆమె అనలేదు, ఉండమని అతనూ అనలేదు. పొద్దున్నే ఆమె కాఫీ పెట్టేది, అతను తాగి రంపపు మిల్లుకి వెళ్ళేవాడు. సాయంత్రం వస్తే వాన గురించో మంచు గురించో నాలుగు మాటలు. అంతకు మించి ఆ ఇంట్లో మాట వినపడేది కాదు. నేను పక్కింటివాణ్ణి, మా మధ్య ఉన్నది ఒక్క తీగల కంచె. కాబట్టి నాకు తెలుసు.

థర్మన్‌కీ నాకూ తుపాకుల పిచ్చి. మా బిటర్‌రూట్ లోయలో ఒక క్లబ్బు ఉంది. ఇనపరేకుతో చేసిన కోళ్ళనీ, పందుల్నీ, పొట్టేళ్ళనీ దూరంగా నిలబెట్టి పాతకాలపు రైఫిళ్ళతో పడగొడతాం. తూటాలు కొనుక్కోవడం మా ఇళ్ళల్లో లేదు. టైర్ల షాపులో పారేసే సీసపు బిళ్ళలు తెచ్చి, కరిగించి, అచ్చుల్లో పోసి మేమే చేసుకుంటాం. థర్మన్ తన కట్టెల కొట్టంలో పోసేవాడు. ఆ తూటాలకి తేనెమైనం పట్టించేవాడు. కాలిస్తే పొగ, కంపు. పైగా తుపాకి గొట్టం లోపల సీసం అంటుకునేది. మ్యాచ్ అయిన మర్నాడల్లా దాన్ని గీకుతూ కూర్చునేవాడు.

"ఇంకా మైనమేంట్రా, మీ తాతలాగ," అన్నాను ఒకరోజు. "ట్రాక్టర్ భాగాలకి వేస్తారే పౌడర్ పెయింటు, అది పట్టించి ఓవెన్‌లో కాల్చు. సీసం గొట్టానికి తగలదు, నీ చేతులకీ అంటదు."

మాట అతని బుర్రలో పడింది. నా దగ్గర మిగిలిన పౌడరు ఇచ్చాను. హకిల్‌బెర్రీ పళ్ళలాంటి ఊదారంగు. ఇక కావలసింది ఓవెను. శనివారం దాకా ఆగితే పాత సామాన్ల షాపులో దొరికేది. థర్మన్ ఆగలేదు. వంటింటి గట్టు మీద యూడోరా తెచ్చుకున్న చిన్న టోస్టర్ ఓవెన్ ఉంది. బ్యూట్‌లో బడిపిల్లలకి ముప్ఫై ఏళ్ళు వండిపెట్టి ఆమె రిటైరైతే, తోటివాళ్ళు ఇచ్చిన కానుక అది.

"అడిగావా?" అన్నాను, అతను దాన్ని చంకలో పెట్టుకుని కొట్టంలోకి వస్తుంటే.

"పెద్ద ఓవెన్ ఉందిగా, దీన్ని వాడట్లేదు. అడిగితే మాత్రం ఏమంటుంది, తీసుకో అంటుంది."

యూడోరా చర్చిలో బొంతలు కుట్టే ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి కొట్టంలోంచి కాలిన పెయింటు వాసన, వంటగట్టు మీద ఓవెన్ ఉండాల్సిన చోట నాలుగు కాళ్ళ గుర్తులు. నేరుగా కొట్టానికి వచ్చింది.

"అది నాదే కదా?"

"అవునండీ," అన్నాడు థర్మన్.

"మళ్ళీ అందులో తిండి వండొచ్చా?"

థర్మన్ నా వంక చూశాడు. నేను నేలవంక చూశాను. "సీసం పెట్టాక వండకూడదండీ," అన్నాను.

"అలాగా," అని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

రెండ్రోజుల తర్వాత థర్మన్ కంచె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఆవిడ వెళ్ళిపోతోంది. స్పొకేన్‌లో చెల్లెలి దగ్గరికట. పెట్టెలు సర్దుతోంది."

"వద్దని చెప్పు."

"ఏ హక్కుతో చెప్పను? కూతురే లేదు. వంట చేయడానికి ముసలిదాన్ని అట్టిపెట్టుకున్నానని అనుకోదూ?"

ఆ సాయంత్రమే గుడ్లు ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళాను. యూడోరా పళ్ళేలని పాత పేపర్లలో చుడుతోంది. "వాడికి వంటిల్లు ఖాళీ కావాలి వెర్న్," అంది నాతో. "నోటితో చెప్పలేక ఒక్కొక్క సామానూ బయటికి చేరేస్తున్నాడు. అర్థం చేసుకుని మనమే కదలాలి."

"అలాంటిదేం లేదండీ. మీరిద్దరూ ఒక్కసారి కూర్చుని మాట్లాడుకోండి."

"ఏం మాట్లాడతాడు? వాన పడుతుందంటాడు. లేకపోతే పడదంటాడు."

అంతకు మించి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఇద్దరి మాటా నాకు తెలుసు, ఒకరి మాట ఇంకొకరికి చేరవేస్తే ఇద్దరూ నన్నే కొడతారేమోనని భయం.

మర్నాడు ఆదివారం. థర్మన్, నేను కొట్టంలో తలలు పట్టుకుని కూర్చున్నాం. ఓవెన్‌లోంచి తీసిన వాయి చెడిపోయింది. వెనక వరసలో తూటాలు కొవ్వొత్తుల్లా వంగి కూలబడ్డాయి. ముందు వరసలో రంగు సరిగ్గా కరగనేలేదు, గోటితో గీకితే రాలుతోంది. మధ్యలోవి ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

అప్పుడు యూడోరా వచ్చింది. "ఖాళీ పెట్టె ఒకటి ఇస్తే సర్దుకుంటాను," అంటూ వచ్చి ఓవెన్ పళ్ళెంలోకి చూసి ఆగిపోయింది.

"ఏంటివి?"

"తూటాలు," అన్నాడు థర్మన్.

"కళ్ళున్నాయి నాకు. ఇవి ఇలా ఏడుస్తున్నాయేం అని అడుగుతున్నా."

ఆమె పర్సు బల్ల మీద పెట్టింది.

"ఓవెన్‌ని ముందు వేడెక్కనిచ్చావా?"

"పెట్టాక వేడెక్కింది కదండీ."

"ఒకదాన్నొకటి వాటేసుకునేలా పెట్టావేం, చలేస్తోందా వాటికి? పిండివంటైనా ఇంత ఇరుగ్గా పెట్టం. ఈ ఓవెన్‌కి వీపు వేడి, మూతి చల్లన. ముల్లు చూపించే వేడి ఒకటి, లోపల ఉండేది ఇంకొకటి. నన్నడిగితే చెప్పేదాన్నిగా."

ఇంట్లోకి వెళ్ళి ఓవెన్ లోపల పెట్టే థర్మామీటరు తెచ్చింది. స్నానాల గదికి వేయగా మిగిలిన పలకరాయి ఒకటి గోడవార ఉంటే, దాన్ని అడుగు అరలో పెట్టమంది, వేడి నిలకడగా ఉంటుందని. ఓవెన్ కాగేలోపు కొత్త తూటాల్ని ప్లాస్టిక్ డబ్బాలో వేసి, చెంచాడు పౌడరు, అది బాగా అంటుకోవడానికి గుప్పెడు ప్లాస్టిక్ పూసలు పోసి, మూత బిగించి థర్మన్ ఊపబోయాడు.

"అలా కాదు, గుండ్రంగా తిప్పు. ఇటివ్వు."

ఆమె తిప్పుతుంటే డబ్బాలో గలగలమంది. మూత తీస్తే ప్రతి తూటా ఒంటినిండా ఊదారంగు పట్టించుకుని ఉంది. పట్టకారుతో ఒక్కొక్కటే తీసి, దూరం దూరంగా నిలబెట్టింది. పొట్టేళ్ళని పడగొట్టే ఆ లావుపాటి తూటాలు ఆమె చేతిలో అప్పాలంత బుద్ధిగా నిలబడ్డాయి. ఓవెన్ తలుపు వేసి మా ఇద్దర్నీ బయట కుళాయి దగ్గరికి తోలి, మోచేతుల దాకా సబ్బుతో కడిగించింది.

వాయి దిగింది. చల్లారనిచ్చి, థర్మన్ ఒక తూటాని దాగలి మీద పెట్టి సుత్తి ఎత్తాడు.

"నేను కొడతాను," అంది యూడోరా.

కొట్టింది. తూటా బిళ్ళలా చప్పిడైపోయింది, రంగు మాత్రం ఎక్కడా చిట్లలేదు. ఆమె దాన్ని వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. కూతురు పోయాక ఆమె ముఖంలో అంత తృప్తి నేను చూడడం అదే మొదలు.

"వెళ్ళేలోపు ఇంకో రెండు వాయిలు దించి పెడతాను," అంది. "బస్సు గురువారం కదా."

"మీరు వెళ్ళకండి," అన్నాడు థర్మన్.

నేను లేచి పోదామనుకున్నాను. తలుపుకి అడ్డంగా ఆమే ఉంది.

"ఓవెన్ కోసమా?"

"ఓవెన్ మీకు కొత్తది కొంటాను. దానికోసం కాదు." అతను సుత్తి ఆమె చేతిలోంచి అందుకుని, కింద పెట్టి, మళ్ళీ తీశాడు. "మిల్లు నుంచి వస్తుంటే మలుపు దగ్గర్నుంచే వంటింటి లైటు కనిపిస్తుంది. జోలీన్ పోయాక ఒక్కరోజు కూడా నేను చీకటింట్లోకి రాలేదు. అది మీవల్లే. నాకిలాంటివి చెప్పడం రాదు."

యూడోరా పట్టకారు తుడిచి బల్ల మీద పెట్టింది.

"ఈ ముక్క చెప్పడానికి రెండేళ్ళు పట్టిందా నీకు?"

"ఉంటానని మీరూ అనలేదుగా."

"నేనెలా అంటాను? ఇల్లు నీది."

"వంటిల్లు మీదేగా."

"మరి నా ఓవెన్ ఎత్తుకొచ్చావేం?"

నాకు నవ్వు ఆగలేదు. ఇద్దరూ ఒకేసారి నావైపు తిరిగారు. "నీకింట్లో పనేం లేదా వెర్న్?" అంది యూడోరా. నేను వచ్చేశాను.

గురువారం బస్సు ఆమె లేకుండానే వెళ్ళింది.

ఆగస్టులో క్లబ్బు మ్యాచ్. థర్మన్ తూటాల డబ్బా తెరవగానే క్లేటన్ మొదలుపెట్టాడు. క్లేటన్ అంటే మా క్లబ్బులో ఎప్పుడూ గెలిచేవాడు. "ఇవేంట్రా, పెళ్ళికి పంచే మిఠాయిలా? పొట్టేళ్ళని చంపుతావా, ముద్దు చేస్తావా?"

"మా అత్తయ్య చేసింది. నచ్చకపోతే ఆవిడకే చెప్పు, అదిగో కూర్చుంది," అన్నాడు థర్మన్.

క్లేటన్ మడత కుర్చీలో కూర్చున్న యూడోరాని చూశాడు. తన రైఫిలు తుడుచుకోసాగాడు. థర్మన్ ఆ రోజు గెలవలేదు, మూడోవాడు. కానీ మ్యాచ్ అయ్యాక గొట్టంలోకి గుడ్డ దూర్చి తీస్తే సీసం ఒక్క పొలుసు కూడా రాలేదు. క్లేటన్ ఆ గుడ్డని రెండువైపులా తిప్పి చూసి, టోపీ తీసి, "అమ్మా, నాకూ కొన్ని చేసి పెడతారా," అని యూడోరాని అడిగాడు.

"రంగు నేనే ఎంచుతాను, సరేనా?" అందామె.

అందరూ సామాన్లు సర్దుకుంటుంటే ఆమె లేచి రైఫిలు ఇమ్మంది. థర్మన్ ఆమె చెవులకి ప్లగ్గులు పెట్టించి, వెనక నిలబడి భుజాలు పట్టుకున్నాడు. మొదటిది కొండకి తగిలింది. రెండోది ఎక్కడికి పోయిందో తెలియలేదు. మూడోదానికి ఇనపకోడి టంగుమని వెనక్కి ఒరిగింది.

"పడిందా?" అంది, కళ్ళు ఇంకా మూసుకునే.

"పడింది అత్తయ్యా. ఈసారి కళ్ళు తెరిచి కాల్చండి."

వచ్చేటప్పుడు నేను వాళ్ళ ట్రక్కులో వెనక సీట్లో కూర్చున్నాను. భుజం వాచిపోయిందని ఆమె దారిపొడుగునా సణుగుతూనే ఉంది. ఇంతటి మొరటు తుపాకి ఎవడైనా మర్యాదస్తుడు ముసలిదాని చేతికిస్తాడా అంది. పెట్రోలు బంకు దగ్గర థర్మన్ ఆగి ఐసు సంచి కొనుక్కొచ్చాడు. దాన్ని భుజానికి ఆనించుకుంటూ, తన పొడవుకి సరిపోయే చిన్న రైఫిలు ఎక్కడ దొరుకుతుందని అడిగింది.